గంప ఎత్తగానే మేత వేయకండి

మా వీధి మలుపులో స్కూలు వదిలే వేళకి ఒకాయన సైకిలు మీద వెదురుబుట్ట పెట్టుకుని వస్తుంటాడు. బుట్టనిండా రంగురంగుల కోడిపిల్లలు. గులాబీవి, ఆకుపచ్చవి, నారింజవి. పిల్లలు అమ్మల కొంగు పట్టుకుని వదలరు, కొనక తప్పదు. వారం తిరక్కుండానే అట్టపెట్టె ఖాళీ అయిపోతుంది. తర్వాత కనపడినప్పుడు ఆ తల్లులు చెప్పే మాట ఒకటే: "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉందండీ. పొద్దున చూసేసరికి చచ్చిపడి ఉంది."

మా అత్తయ్యగారు ఈ మాట ఒప్పుకోరు. "నిన్న బాగుండటమేంటమ్మాయ్? మొన్ననే చెప్పి ఉంటుంది. వీళ్లు చూసుండరు" అంటారు.

ఆవిడది దివిసీమలో పల్లెటూరు. మావయ్యగారు పోయాక మా దగ్గరికి, ఈ పెనమలూరు వైపుకి వచ్చేశారు. వస్తూ వస్తూ బట్టల సంచీతో పాటు ఒక నాటుకోడి పెట్టని కూడా తెచ్చుకున్నారు. ఇంటి వెనక నాలుగు గజాల జాగా ఉంది కాబట్టి సరిపోయింది. కోడిపిల్లకి జబ్బు చేస్తే ఎలా తెలుసుకోవాలో ఆవిడ దగ్గర కొంత, పశువుల ఆసుపత్రి డాక్టరుగారి దగ్గర కొంత నేర్చుకున్నాను. ఈ మధ్య చాలామంది అడుగుతున్నారని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రంగు పిల్లల సంగతి. అవి దాదాపు అన్నీ మగపిల్లలే. గుడ్ల ఫారాలకి పిల్లల్ని పంపే హేచరీల వాళ్లకి పెట్టలే కావాలి. పుంజులు గుడ్డు పెట్టవు, ఆ జాతికి కండ కూడా తొందరగా పట్టదు. అందుకని పుట్టినరోజే వేరు చేసి చౌకగా వదిలించుకుంటారు. వాటికి రంగు వేసి ఊళ్లమీద తిప్పుతారు. మరి బుట్టలో అంత చలాకీగా ఎలా ఉంటాయి? గుడ్డులోంచి బయటికొచ్చే ముందు మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరుతుంది. ఆ బలంతో రెండు రోజులు మేతా నీళ్లూ లేకపోయినా నెట్టుకొస్తుంది. మనం కొని ఇంటికి తెచ్చేసరికి ఆ నిల్వ అయిపోవస్తుంది. సరిగ్గా అప్పుడే దానికి వెచ్చదనం, నీళ్లు, మేత మూడూ కావాలి. మనమేమో గచ్చు మీద అట్టపెట్టెలో పెట్టి, ఫ్యాను వేసి పడుకుంటాం.

మొదటి వారం కోడిపిల్లకి 35 డిగ్రీల దాకా వేడి కావాలట. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి ఉంటే రెక్కల కింద ఆ లెక్క అదే చూసుకుంటుంది. తల్లి లేని పిల్లలకి బల్బు పెట్టాలి. థర్మామీటరు లేకపోయినా పరవాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి, గట్టిగా, ఆగకుండా అరుస్తుంటే చలేస్తోందని. బల్బుకి దూరంగా పెట్టె అంచులకి పోయి, నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఎడంగా పెట్టుకుంటే ఉక్కపోస్తోందని. ఒకే మూలకి అన్నీ చేరితే ఎటునుంచో గాలి కొడుతోందని. పెట్టె అంతా పరుచుకుని, కొన్ని తింటూ, కొన్ని పడుకుని, మధ్య మధ్య చిన్నగా కిచకిచమంటుంటే అంతా బాగున్నట్టు. మన బెజవాడ మే నెలలో పగలు బల్బు అక్కర్లేదు సరికదా, పెట్టెని నీడపట్టున పెట్టి నీళ్లు రెండు మూడుసార్లు మార్చాలి.

ఇక మా అత్తయ్యగారి పద్ధతి. ఆషాఢంలో ఆవిడ పెట్టని 12 గుడ్ల మీద కూర్చోబెట్టారు. బుట్టలో ఊక పోసి, ఉరుములకి గుడ్లు చెడకుండా అని ఒక ఇనపమేకు కూడా పడేశారు. మేకు సంగతి నేను వాదించలేదు. 21వ రోజుకి 11 పిల్లలు లేచాయి. రెండోరోజు పొద్దున గంప ఎత్తగానే నేను అలవాటుగా చేతిలో నూకలు చల్లబోతే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మాయ్. మేత వేస్తే అన్నీ ఒకేలా పరిగెత్తుతాయి. జబ్బుది కూడా పక్కదాన్ని చూసి పరిగెత్తుద్ది. ముందు ఊరికే చూడు."

ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. కోడిపిల్లలన్నీ నాకు ఒకటే. ఆవిడకి కాదు. గంప ఎత్తగానే ఏది ముందు బయటికొచ్చింది, ఏది చివర వచ్చింది, ఏది వచ్చి కూడా మళ్లీ తల్లి కిందకే దూరింది, ఏది నిలబడి నిలబడి కళ్లు మూస్తోంది. అర నిమిషం పని. చివర వచ్చిన పిల్ల రేపు కూడా చివరే వస్తే దాన్ని చేతిలోకి తీసుకుంటారు. అప్పుడు ఇంకో మూడు చూస్తారు.

మొదటిది మెడ కింద, రొమ్ము పైన ఉండే మేతసంచి. సాయంత్రం గంప మూసేటప్పుడు అది చిన్న గోలీకాయలా నిండుగా తగలాలి. పొద్దునకి ఖాళీ అయిపోవాలి. సాయంత్రం ఖాళీగా ఉందంటే ఆ పిల్ల రోజంతా ముక్కు పొడుస్తూ తిన్నట్టు నటించిందే గానీ తినలేదని. పొద్దునకి కూడా గట్టిగా అలాగే ఉంటే లోపల అరగలేదని.

రెండోది రొమ్ము ఎముక. వేలితో రాస్తే రెండు పక్కలా కాస్త కండ తగలాలి. కత్తి అంచులా ఎముకే తగిలితే, ఈకలు ఎంత గుబురుగా ఉన్నా పిల్ల చిక్కిపోతోందన్నమాట. నిజానికి ఈకలు ఉబ్బదీసుకుని గుండ్రంగా కూర్చున్న పిల్లని చూసి మనం "బొద్దుగా ముద్దొస్తోంది" అనుకుంటాం. అది ముద్దు కాదు, ఒంట్లో వేడి నిలవక ముణగదీసుకోవడం.

మూడోది రెట్ట, రెట్ట వేసే చోటు. ఆరోగ్యమైన రెట్ట కాస్త గట్టిగా, పైన తెల్ల టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ తెలుపు మూత్రం, భయపడక్కర్లేదు. మధ్య మధ్య ఒకటి ముదురు గోధుమ రంగులో, జిగటగా, బాగా కంపుగా పడుతుంది. అదీ మామూలే, పేగు చివరి సంచుల్లోంచి వచ్చేది. మొదట్లో అది చూసి నేను హడలిపోయేదాన్ని. మొదటి వారంలో రెట్ట వెనక ఈకలకి అంటుకుని ఎండి, దారి మూసుకుపోతుంది కొన్ని పిల్లలకి. వేడి తేడా వల్లో, ప్రయాణం బడలిక వల్లో అలా అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి నానబెట్టి మెల్లగా తీసి, తడి ఆర్చి వెచ్చగా ఉంచాలి. పీకకూడదు, చర్మం ఊడొస్తుంది. బొడ్డు దగ్గర మిగిలిన చిన్న ఎండుపోగుని కూడా రెట్ట అనుకుని లాగకూడదు. అయితే ఒకదానికి కాకుండా చాలా పిల్లలకి సున్నంలాంటి తెల్లటి విరేచనం అంటుకుని, రోజూ ఒకటీ రెండూ పోతుంటే అది తెల్లపారుడు. తల్లి నుంచి గుడ్డులోనే వచ్చే జబ్బు అది. దూదితో అయ్యే పని కాదు, డాక్టరుకి చూపించాల్సిందే.

మా పిల్లలు మూడు వారాలు బాగానే పెరిగాయి. శ్రావణం వచ్చింది, ముసురు పట్టింది. మీకు తెలుసుగా, మన డెల్టాలో వాన ఆగినా నేల ఆరదు. పక్కన కాలవ, కింద నల్లరేగడి. గంప కింద వేసిన ఊక పొద్దున వేస్తే సాయంత్రానికి ముద్ద.

24వ రోజు పొద్దున మెడ మీద నల్లమచ్చ ఉన్న పిల్ల చివర వచ్చింది. మేత దగ్గరికి వచ్చింది, గింజ పొడిచింది, వదిలేసింది. రెక్కలు రెండూ ఒక వేలెడు కిందకి జారి ఉన్నాయి. అత్తయ్యగారు దాన్ని తీసి, వంటింటి వసారాలో వేరే బుట్టలో పాత న్యూస్‌పేపరు పరిచి పెట్టారు. పేపరు ఎందుకంటే రెట్ట కనపడటానికి. మధ్యాహ్నానికి పేపరు మీద ఎర్రటి నెత్తురు చుక్కలు కనిపించాయి.

"రక్తపారుడు" అన్నారావిడ. చెయ్యి తుడుచుకుంటూ కూర్చుండిపోయారు. పసుపు, మజ్జిగ, వెల్లుల్లి అని ఆవిడకి తెలిసినవన్నీ ఒకసారి తలుచుకున్నారు. నేను ఆ రెట్ట ఉన్న పేపరుముక్కనే మడిచి కవర్లో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ సూక్ష్మదర్శిని కింద చూసి కాక్సీడియా అన్నారు. కంటికి కనపడని పరాన్నజీవి, పేగు గోడల్ని తొలిచేస్తుంది. మూడు నుంచి ఆరు వారాల వయసు పిల్లలకి ఎక్కువ. డాక్టరుగారు చెప్పిన ఒక ముక్క నాకు బాగా గుర్తుండిపోయింది. రెట్టలో బయటపడిన వెంటనే అది ఇంకో పిల్లకి జబ్బు తెప్పించలేదు. ఒకటి రెండు రోజులు తడి, వెచ్చదనం దొరికితే అప్పుడు ముదురుతుంది. అంటే ఊక పొడిగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. మందు రెండోది, పొడి ఊక మొదటిది.

యాంప్రోలియం అనే మందు రాసిచ్చారు, ఎన్ని నీళ్లలో ఎంత కలపాలో, ఎన్ని రోజులు ఇవ్వాలో చెప్పారు. ఒక్క జబ్బు పిల్లకే కాదు, అన్నింటికీ ఇవ్వాలన్నారు. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు మానదు కాబట్టి మందు నీళ్లలోనే. మందుల షాపులో మన జ్వరం బిళ్లలు, యాంటీబయాటిక్‌లు నూరి పోయొద్దని గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రం మేమిద్దరం తడి ఊకంతా ఎత్తిపోసి, నేల కడిగి ఆరబెట్టి, మిల్లు నుంచి పొడి ఊక తెప్పించి పోశాం. నీళ్లగిన్నె కింద ఇటుక పెట్టి పిల్లల వీపు ఎత్తుకి లేపాం, రెట్ట అందులో పడకుండా. నల్లమచ్చది మర్నాడు రాత్రి పోయింది. ఇంకొకటి రెండు రోజులకి పోయింది. తొమ్మిది మిగిలాయి.

రెండోది పోయిన రాత్రి అత్తయ్యగారు అన్నం తినలేదు. రెండు కోడిపిల్లల కోసం ఇంత బాధా అనుకున్నాను. నేను పడుకోబోతుంటే అప్పుడు చెప్పారు. మావారు మూడో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఆవిడకి ఊళ్లో నలభై దాకా కోళ్లుండేవట. గుడ్లు అమ్మిన డబ్బు, పండగలకి పుంజుని అమ్మిన డబ్బు తవుడు డబ్బాలో దాచేవారట. కుట్టుమిషను కొనుక్కోవాలని. ఇంక నాలుగు పుంజులు అమ్మితే సరిపోతుందనగా ఎండాకాలంలో తెగులొచ్చింది. మొదట ఒక పెట్ట పచ్చగా పారుకుంది. రెండోరోజు నాలుగు నోళ్లు తెరిచి గురగుర ఊపిరి తీశాయి. తర్వాత మెడలు మెలితిరిగాయి. వారంలో దొడ్డి ఊడ్చిపెట్టుకుపోయింది.

"మీ మావయ్య ఆ ఏడాది పెసలు పోయాయని ఊరంతా చెప్పుకున్నారు. నా కోళ్ల సంగతి ఒక్కళ్లతో అన్లా" అన్నారు. "కోళ్లేగా అన్నారు."

ఆ మిషను ఆవిడ మరి కొనలేదు.

మన ఇళ్లలో పొలం, పాడి లెక్కలోకి వస్తాయి. పెరట్లో కోడి రాదు. అది ఆడవాళ్ల చిల్లర. "నా కోడీ కుంపటీ లేకపోతే ఎలా తెల్లారుతుంది" అన్న ముసలమ్మని వెక్కిరిస్తూ సామెత చేసుకున్నాం గానీ, ఆ కోడీ ఆ కుంపటే ఆవిడ ఆస్తి అని ఎవరూ అనుకోలేదు. ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేని ఆ నాలుగు రూపాయలు పోతే లెక్క రాసేవాళ్లు లేరు. జబ్బుని ముందుగా పసిగట్టే కన్ను అత్తయ్యగారికి అప్పుడూ ఉంది. ఆవిడకి అందనిది టీకా ఒక్కటే.

ఆ తెగులు పేరు కొక్కెర తెగులు. కొక్కెర అంటే కొంగ. మెడ వంకర తిరిగిన కోడిని ఒకసారి చూసినవాళ్లు ఆ పేరు మరచిపోలేరు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న రాణీఖేత్ పేరే అది, 1920ల్లో మన దేశంలో ఈ జబ్బుని అక్కడ గుర్తించారు. వైరస్ వల్ల వస్తుంది, వచ్చాక మందు లేదు. టీకాలున్నాయి. పిల్ల పుట్టిన వారం లోపు కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క, నాలుగైదు వారాలకి మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకి రెక్క కింద సూది. ఊరికోళ్లకి అమ్మవారు పోసినట్టు కళ్ల మీద, ముక్కు మీద పొక్కులు కడుతుంటాయి చూశారా, దాన్ని దోమలు మోస్తాయి. మన కాలవగట్ల మీద దోమలకి కొదవా? దానికీ టీకా ఉంది.

టీకాలో చిక్కేమిటంటే చిన్న సీసా కూడా వంద కోళ్లకి సరిపడా ఉంటుంది. మనకున్నవి పది. కలిపాక కాసేపట్లో వాడేయాలి, ఐసు మీద తేవాలి, దాచుకోవడానికి లేదు. అందుకే చాలామంది వేయించరు. మేం మా వీధిలో కోళ్లున్న మూడిళ్ల వాళ్లం ఒకేరోజు పెట్టుకున్నాం. పొద్దున్నే చల్లపూట ఒకరు పట్టుకుంటే ఒకరు చుక్క వేయడం. చుక్క వేశాక పిల్ల రెప్ప కొట్టేదాకా వదలకూడదు, లేకపోతే విదిలించేస్తుంది. జబ్బుగా ఉన్న పిల్లకి టీకా వేయకూడదు. కాబట్టి టీకాకైనా ముందు చూడటం తప్పదు.

కాళ్లు చచ్చుపడిన పిల్లని చూసి అన్నీ తెగులే అనుకోవద్దు. కాలివేళ్లు లోపలికి ముడుచుకుని, మడమల మీద పాకుతూ, మొహం మాత్రం చలాకీగా ఉంటే అది బి2 విటమిను లోపం కావచ్చు. ఉత్త నూకలే వేసి పెంచితే వచ్చే చిక్కు ఇది. తొందరగా విటమిను చుక్కలు పడితే చాలావరకు లేచి తిరుగుతాయి. కొత్తగా కొన్న కోడిని తిన్నగా మన కోళ్లలో కలపకుండా రెండు మూడు వారాలు వేరుగా ఉంచి చూసుకోవాలి. సంత నుంచి వచ్చిన కోడి, సంతకి వెళ్లొచ్చిన చెప్పులు, రెండూ ఒకటే.

ఇంకొక్క మాట చెప్పి తీరాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, మన ఎన్టీఆర్ జిల్లాలో కూడా బర్డ్ ఫ్లూ వచ్చింది. భోపాల్ ల్యాబులో పరీక్ష చేసి తేల్చారు. జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు మేర కోళ్లని తీసేసి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. తర్వాతి నెలలో పల్నాడు జిల్లాకి చెందిన ఒక పసిబిడ్డ ఆ జబ్బుతో పోయిందని పేపర్లలో చదివి చాలా రోజులు నాకు మనసు మనసులో లేదు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు వల్ల భయం లేదు. భయమల్లా పచ్చిమాంసం, జబ్బు కోడి. కాబట్టి ఒక రోజులో, రెండు రోజుల్లో వరసగా కోళ్లు పడిపోతే, తలలు వాచి నీలంగా మారితే, ఇవి మామూలు తెగులు లక్షణాలని మనం తేల్చుకోవద్దు. ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, "ఎలాగూ పోయేదేగా" అని కోసి వండొద్దు, అమ్మొద్దు, ముఖ్యంగా కాలవలో పడేయొద్దు. మన దగ్గర కాలవ ఒక ఊరిదా? పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా 1962కి ఫోను చేయండి. చనిపోయినవాటిని వాళ్లు చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

బాగున్న కోడిపిల్లని పట్టుకున్నా పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. ముద్దులు పెట్టనివ్వకండి. పైకి ఏ జబ్బూ లేని పిల్ల దగ్గర్నుంచి కూడా మన పసివాళ్లకి విరేచనాలు పట్టుకోవచ్చు.

మిగిలిన తొమ్మిదిలో ఆరు పెట్టలు. కార్తీకం దాటాక ఒక్కోటీ గుడ్డు మొదలుపెట్టింది. అత్తయ్యగారు గుడ్లు పక్క వీధుల వాళ్లకి ఇస్తారు, డబ్బులు తీసుకుంటారు. మొదట్లో మావారు "నీకెందుకమ్మా, నేను ఇస్తాగా" అన్నారు. ఆవిడ విననట్టే ఊరుకున్నారు. నేను మాత్రం ఒక పాత నోటుపుస్తకం తీసి గీతలు కొట్టి ఇచ్చాను. తేదీ, ఎన్ని గుడ్లు, ఎంత వచ్చింది, టీకాకి ఎంత, ఊకకి ఎంత. ఆవిడ చెబుతుంటే నేను రాస్తాను. పోయిన రెండు పిల్లల్ని కూడా మొదటి పేజీలో రాశాం, ఏ రోజున, దేనివల్ల అని. వచ్చే శ్రావణానికి ముందే మేం ఊక బస్తాలు రెండు తెచ్చి పొడిచోట పెట్టుకోవాలని దాని కిందే రాసుకున్నాం.

మీ పెరట్లోనో మేడమీదో నాలుగు పిల్లలుంటే, రేపు పొద్దున గంప ఎత్తాక చేతిలో నూకలు కాసేపు అలాగే పట్టుకోండి. ఏది ముందు వచ్చిందో, ఏది చివర వచ్చిందో చూడండి. తర్వాత చల్లండి.